ట్యాంకు మూత మీది బొట్టు

నాకు కోపం ఎక్కువని మా షెడ్డులో అందరూ అనేవారు. అబద్ధం కాదు. రిటైరై ఇన్నేళ్లయినా తగ్గలేదు, ఇది రాయడానికి కూర్చున్నదీ ఆ కోపంతోనే. మొన్న మా వీధిలోకి బోరు బండి వచ్చింది. తవ్వుతుండగా ఇంజను ఆగింది. బండి యజమాని లేచి ఇంజను దగ్గరికైనా వెళ్లలేదు. కుర్చీలో కూర్చునే ఆపరేటరును అమ్మనా బూతులు తిట్టాడు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు విన్న బూతులే అవి, ఒక్కటి కూడా కొత్తది లేదు. బండ్లు మారాయి, ఇంజన్లు మారాయి. ఇంజను ఆగితే ముందు మనిషి గల్లా పట్టుకునే రోగం మాత్రం మారలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ పదవి వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. అవి చదివి మీరు బాగుపడేదేమీ లేదు.

వీపు మీది ఇంజను

నేను తాగునీటి బోర్లు వేసే సర్కారు శాఖలో మెకానిక్‌ను. డెబ్బైల్లో చేరిన నాటి నుంచి తొంభైల్లో దిగిపోయేదాకా కరీంనగర్ షెడ్డే. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఎక్కడ బండి మొరాయించినా పానాల సంచి భుజాన వేసుకుని బస్సెక్కేవాణ్ణి.

బోరు బండి అంటే ఒక లారీ. రోడ్డు మీద దాన్ని నడిపే ఇంజను ముందు ఉంటుంది. వీపు మీద ఇంకో పెద్ద ఇంజను ఉంటుంది, దాని పని కంప్రెసరును తిప్పడం. కంప్రెసరు గాలిని బోలు ఇనుప రాడ్ల గుండా భూమిలోకి కొడుతుంది. కింద రాడ్ల కొసనున్న ఉక్కు బిట్టు నలగ్గొట్టిన రాతిపొడి ఆ గాలికి పైకి ఎగిరి వస్తుంది. మధ్యలో ఇంజను ఆగిందా, పైకి రావాల్సిన పొడీ ముక్కలూ కిందికి జారి బిట్టు చుట్టూ బిగుసుకుంటాయి. రాడ్లు భూమిలోనే ఇరుక్కుంటాయి. అప్పుడు ఎండాకాలంలో బిందెలు పట్టుకుని చుట్టూ నిలబడ్డ ఊరి మొహం చూడాలి. ఆ మొహాలు చూసిన ఏ సారైనా వెంటనే ఎవడో ఒకణ్ణి చూపించి తప్పించుకోవాలనుకుంటాడు. దగ్గర్లో ఉండేది ఆపరేటరే.

మా బాపు సిరిసిల్లలో మగ్గం నేసేవాడు; మా వైపు నాన్న బాపు, అమ్మ అవ్వ. దారం తెగితే ముందు దారాన్ని చూసేవాడు, తర్వాత నాడెను, తర్వాత అచ్చును. అవన్నీ అయ్యాకే కండెలు చుట్టిన మా అవ్వ మీద అరిచేవాడు. చాలాసార్లు అక్కడిదాకా వచ్చే పని పడేది కాదు. ఇంత చిన్న వరస మా శాఖలో పెద్ద చదువులు చదివిన వాళ్లకూ పట్టలేదు, చదవని వాళ్లకూ పట్టలేదు.

షెడ్డు మాట నమ్మకండి

ఆదిలాబాద్‌లో ఒక బండి ఇంజను ఊరికే కాగిపోయేది. నీళ్ల పంపు మార్చారు, గాస్కెటు మార్చారు, డ్రైవరు నీళ్లు పోయడం లేదని నానా మాటలూ అన్నారు. బండి కరీంనగర్ వచ్చింది. మా షెడ్డులో ఏ బండి వచ్చినా ముందు పైపు పెట్టి కడగడం అలవాటు. కడిగారు, నడిపారు, బ్రహ్మాండంగా నడిచింది. "ఇంజన్ల ఏం లేదు, డ్రైవర్లనే ఉన్నది" అని నవ్వుకుంటూ పంపేశారు. వారం తిరక్కముందే మళ్లీ కాగింది. నేను ఆదిలాబాద్ పోయి చూస్తే ఆ బండిని నిలబెట్టేది పత్తి మిల్లు గోడ పక్కన. ఎగిరొచ్చిన దూదినంతా ఫ్యాను లాక్కుని రేడియేటరు రేకుల సందుల్లో దట్టించింది, దిండు కుట్టినట్టు. షెడ్డులో కడిగిన ప్రతిసారీ రోగం నీళ్లతో కొట్టుకుపోయేది, డ్రైవరు మీద నింద మాత్రం అలాగే మిగిలేది.

ఇది మనసులో పెట్టుకోండి. బండికి ఎక్కడ రోగం వస్తుందో అక్కడే చూడాలి, అది ఆగేదాకా పక్కన నిలబడాలి. షెడ్డులో ఇంజనుకు బరువుండదు, దుమ్ము ఉండదు, ఊరు ఉండదు.

ఓదెలు చేసిన పని

ఇప్పుడు అసలు సంగతి. ఓదెలుది పెద్దపల్లి దగ్గర పల్లె. కంప్రెసరు ఇంజను ఆపరేటరు, రోజు కూలి మీద. నాకన్నా చాలా చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. పెద్ద తెలివిగలవాడని చెప్పను. చెప్పిన పని చేసేవాడు, బండిని రోజూ గుడ్డతో తుడిచేవాడు, ఎవరితోనూ పేచీ పెట్టుకునేవాడు కాదు.

ఒక ఎండాకాలం అతని ఇంజనుకు కొత్త రోగం పట్టింది. పొద్దున చక్కగా స్టార్టయ్యేది. కాసేపు నడిచాక గొంతు మారి, గుక్కపట్టి ఆగిపోయేది. ఓదెలు డీజిలుందో లేదో చూద్దామని ట్యాంకు మూత తీసేవాడు. నిండా ఉండేది. మూత పెట్టి, పైపుల్లో గాలి తీసి స్టార్టు చేస్తే మళ్లీ నడిచేది. ఇంకాసేపటికి మళ్లీ ఆగేది, మళ్లీ మూత తీసేవాడు. ఎందుకు నడుస్తుందో అతనికి తెలియదు. మూత తీస్తే నడుస్తోంది, అందుకని తీస్తున్నాడు.

ఆ బండి మీద సూపర్‌వైజరు వెంకటనర్సయ్య సారు. పొడుగ్గా, తెల్ల బట్టల్లో, ఎప్పుడూ జీపు నీడలో ఉండేవాడు. ఆయనకు దూరం నుంచి కనిపించింది ఒక్కటే: ఓదెలు మాటిమాటికీ డీజిలు ట్యాంకు మూత తీస్తున్నాడు. ఇంకేం కావాలి? డీజిలు అమ్ముకుంటున్నాడు, లోటు కనపడకుండా కిరసనాయిలు కలుపుతున్నాడు, అందుకే ఇంజను ఆగుతోంది అని తేల్చేశాడు.

కిరసనాయిలు కలిస్తే ఇంజను బలం తగ్గుతుంది, కొట్టుకుంటుంది, కానీ ఇలా గుక్కపట్టి ఆగదు. నీళ్లు కలిస్తే ఫిల్టరు కింద గాజు గిన్నెలో అడుగున కనిపిస్తాయి, వంగి చూస్తే చాలు. సారు వంగలేదు. వంగితే తెల్ల చొక్కాకు నూనె అంటుతుంది మరి!

బండిని షెడ్డుకు పంపారు. అప్పుడు నేను ఆదిలాబాద్ వైపు వేరే పని మీద ఉన్నాను. మా హెడ్డు మెకానిక్కు ట్యాంకు మూత తీసి పక్కన పెట్టాడు, చిన్న డబ్బాతో డీజిలు పోశాడు, మూత పెట్టకుండానే ఇంజను నడిపాడు. ఎంతసేపైనా ఆగలేదు. "ఇంజన్ల ఏం లేదు" అన్నాడు. మా షెడ్డు ఆ మాట అన్నదంటే ఎవడో ఒకడి పని అయిపోయినట్టే.

లక్క సీలు

బండి మంచిర్యాల దాటి చెన్నూరు వైపు ఒక ఊరికి పోయింది. ఆ ఊళ్లో బావులు ఎండి, ఆడవాళ్లు వాగులో చెలిమలు తోడుకుంటున్నారు. సారు ఈసారి దొంగను కట్టెయ్యాలని ఒక ఉపాయం చేశాడు. ట్యాంకు నిండా డీజిలు పోయించి, మూత మీద గుడ్డ కప్పి గట్టిగా కట్టించి, దాని మీద లక్క కరిగించి పోయించాడు. పైన తన ముద్ర కొట్టాడు.

ఇంజను ఎప్పటికన్నా ముందే ఆగింది. ఈసారి మూత తీసే వీలు లేదు. ఎంత తిప్పినా మళ్లీ స్టార్టు కాలేదు. రాడ్లు సగం లోతులో ఇరుక్కున్నాయి.

ఆ తర్వాత జరిగింది నాకు ఆ ఊరివాళ్లే చెప్పారు. సారు ఓదెలును ఊరందరి మధ్యలో నిలబెట్టాడు.

"ఏందిరా, సీలేసినంక గూడ ఆగుడేంది? ముందుగాలనే కల్పి పెట్టినవా? దొంగ నా కొడుకా, గీ ఊరోళ్ల నోట్ల మన్ను గొట్టినవ్ గదరా!"

"నేనేం కల్పలే సార్. దేవుని మీద ఒట్టు. మూత తీస్తె నడుస్తదని తీసిన, గంతె."

"మూత తీస్తె నడుస్తదా? ఇంజనేమన్న ముక్కుతోని గాలి పీలుస్తదారా?"

అందరూ నవ్వారట. నాకు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ వెటకారంలోనే జవాబుంది. సారు తన నోటితోనే సరైన మాట అని, దాన్నే చూసి నవ్వాడు.

రోజు కూలివాడికి విచారణ ఉండదు, నోటీసు ఉండదు. "నడువ్" అన్నారు, ఓదెలు నడిచాడు. చెన్నూరు రోడ్డు మీద పోతుంటే వెనక నుంచి పిల్లలు డీజిల్ దొంగ అని అరిచారట.

ట్యాంకు తీసిన ఊపిరి

కొత్త ఆపరేటరు వచ్చాడు. మళ్లీ కొత్త సీలు. ఇంజను అలాగే ఆగింది. దొంగ పోయినా దొంగతనం ఆగలేదు. అప్పటికి గాని సారుకు నన్ను పిలిపించాలని తోచలేదు.

నేను పోయి ఏమీ విప్పలేదు. "నడుపు" అని పక్కన నిలబడ్డాను. ఇంజను గొంతు మారింది, గుక్కపట్టింది, ఆగింది. ఫిల్టరు గిన్నె చూశాను, శుభ్రంగా ఉంది. పైపు విప్పితే డీజిలు రావడం లేదు. నిండు ట్యాంకు పక్కనే ఇంజను ఎండిపోతోంది. ట్యాంకు మీద చెయ్యి వేశాను. దాని పక్క రేకు లోపలికి సొట్టపోయి ఉంది. సొట్ట అంచున రంగు పెళ్లలుగా లేచింది, అంటే ఆ రేకు చాలాసార్లు లోపలికి పోయి పైకి వచ్చిందన్నమాట.

సుత్తితో లక్క పగలగొట్టి మూత తిప్పాను. ట్యాంకు హుస్సుమని గాలి పీల్చింది. సొట్ట డబ్బుమని పైకి లేచింది. కొత్త ఆపరేటరు వెనక్కి గెంతాడు.

ట్యాంకు మూతకు గుండుసూది పట్టేంత రంధ్రం ఉంటుంది. డీజిలు ఖాళీ అవుతున్న కొద్దీ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి పోవాలి. పోకపోతే ట్యాంకు డీజిలును వదలదు. సారు లక్క ఆ రంధ్రాన్ని పూర్తిగా మూసేసింది. మరి సీలు వెయ్యకముందు ఎందుకు ఆగింది? లక్క గీకి, గుడ్డ పీకి చూశాను. దాని కింద ఇనుము కనిపించలేదు. పసుపు కనిపించింది.

మా బండి ఏ ఊరికి పోయినా బోరు మొదలుపెట్టే ముందు కొబ్బరికాయ కొట్టి, బండికి పసుపు రాసి బొట్టు పెడతారు. రోడ్డు పక్కకు, ఛాతీ ఎత్తున, గుండ్రంగా ఉండేది ఆ మూతే. ఊరూరా పెట్టిన పసుపు కుంకుమలు కొబ్బరి నీళ్లతో, డీజిలు జిడ్డుతో, రాతిపొడితో కలిసి సిమెంటులా గట్టిపడ్డాయి. పక్కన నిలబడ్డ ముసలవ్వను అడిగాను, ఇక్కడే ఎందుకు పెట్టారని.

"గది మొఖం లెక్కుంటది బిడ్డా. మొఖానికి గాక యాడ వెడ్తం బొట్టు?"

ఆమె మీద కోపం రాలేదు. పూజకు నేను అడ్డం కాదు, కొత్త బండి వస్తే కొండగట్టు గుడికి తీసుకుపోయి దండ వేయించిందే నేను. కానీ బండినంతా తుడిచే ఓదెలు ఆ ఒక్క మూతను ఎందుకు వదిలేశాడో నాకు అర్థం కాలేదు.

సారు జీపు దగ్గరికి పోయాను. "సార్, ఓదెలు దొంగ కాదు. బొట్టుతోని సగం మూసుకున్నది, మీ సీలుతోని పూరా మూసుకున్నది. మీ లక్కనే ఇంజన్ పీక పిసికింది" అన్నాను. మూత చూపించాను. చూశాడు. అర్థమైంది కూడా. అర్థం కాకపోతే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

"ఇంజన్ సంగతి ఇంజన్‌ది, మనిషి సంగతి మనిషిది. వాడెన్నడు అమ్ముకోలేదని నువ్వు జామీనుంటవా రాజలింగం?"

"ఉంటా సార్."

"నువ్వుంటె ఏమాయె? నా మాట నేనే వాపస్ తీసుకుంటె రేపు ఎవడన్న నా మాట ఇంటడా? వాణ్ణి గప్‌చుప్‌గ వచ్చి పనిల జేరుమను. గంతకన్న నేనేం జెయ్య."

ఇస్త్రీ చొక్కా

ఓదెలు మందమర్రిలో బొగ్గు లారీలు నింపుతున్నాడని తెలిసి వెళ్లాను. పార పక్కన పెట్టి వచ్చాడు. మూత సంగతంతా చెప్పి, అంత తుడిచేవాడివి దాన్నెందుకు తుడవలేదని అడిగాను, కాస్త గట్టిగానే.

"బొట్టు తుడుసుడేందన్నా? మా బాపు సచ్చిన్నాడు మా అవ్వ బొట్టు తుడుస్తుంటె సూసిన. గప్పటిసంది నా చేతితోని ఎవ్వల బొట్టు తుడువ. బండిదైన సరే."

 సారు పనిలో చేరమన్నాడని చెప్పాను.

"గప్‌చుప్‌గనా?" అన్నాడు. "ఊరందరి ముంగట దొంగన్నడన్నా. గప్‌చుప్‌గ జేరితె దొంగనే మల్ల జేరిండంటరు. అన్నకాడనే కాదనాలె. గప్పుడొస్త."

అది న్యాయం. ఇరుక్కున్న రాడ్లను అప్పటికే పైకి లాగాం; మిగిలిన బోరు పూర్తి చేసే రోజున ఆ ఊరికి రమ్మన్నాను. నీళ్లు పడే రోజు సార్లు తప్పకుండా వస్తారు, మా శాఖలో అది ఎవరూ రాయని రూలు. ఓదెలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఊరివాళ్లు అతన్ని చూసి గుసగుసలు పెట్టారు.

సారు రాకముందే నేను అందరినీ బండి దగ్గరికి పిలిచాను. మూత మీద గుడ్డ కట్టి, అదే లక్క పోసి, తవ్వకం మొదలుపెట్టకుండా రాడ్లను పైకెత్తి ఉంచి ఇంజను నడిపించాను. బరువు పెట్టాక కాసేపటికి గుక్కపట్టి ఆగింది. లక్క పగలగొట్టాను. ట్యాంకు హుస్సుమంది, రేకు డబ్బుమంది. పైపుల్లో గాలి తీయగానే ఇంజను మళ్లీ అందుకుంది.

ముసలవ్వ బుగ్గ నొక్కుకుంది. "అయ్యో, దీనికి ఊపిరాడలేదా! గీ పోరన్ని ఉత్తపుణ్యానికి దొంగను జేస్తిరి గదనయ్యా!"

ఆ మాట ఊరంతా విన్నది. ఓదెలు తల పైకెత్తి నిలబడ్డాడు. తవ్వకం సాగింది, మధ్యాహ్నానికి నీళ్లు పడ్డాయి. తెల్లటి బురద పైకి లేచి అందరి మీదా పడింది. అప్పుడు జీపు వచ్చింది. సారు దిగాడు, సర్పంచు దండ వేశాడు, చప్పట్లు కొట్టారు.

ఓదెలును చూసి సారు నవ్వాడు. "ఆఁ, వచ్చినవా? రేపటిసంది డ్యూటీకి రా."

పెద్ద మనసు చేసుకున్నట్టు అన్నాడు. ఓదెలు కదల్లేదు.

"సార్, గా మాట అనుండ్రి."

"ఏ మాటరా?"

"నేను దొంగను కాదని."

ఊరంతా సారు మొహం చూస్తోంది. సారు వంగి కొత్త నీళ్లతో చేతులు కడుక్కున్నాడు, రుమాలుతో తుడుచుకున్నాడు. "పొద్దు పోతుంది, పని సూసుకోర్రి" అన్నాడు.

ఓదెలు నా వైపు తిరిగాడు. "ఇంజన్‌తోని చెప్పిచ్చినవ్ అన్నా. సారుతోని చెప్పియ్యకపోతివి." అంతే అని మందమర్రి వైపు రోడ్డు పట్టాడు.

నేను ఊరందరి ముందూ అరిచాను. "ఒక్క మాట సార్! పైస ఖర్చులేని మాట! అనుండ్రి!" సారు జీపెక్కాడు. దండ మెడలోనే ఉంది.

అనాల్సిన మాట

తర్వాత మా బండ్లన్నిటికీ మూతలో రంధ్రం మూసేసి, ట్యాంకు పక్కన కిందికి వంగిన చిన్న పైపు పెట్టించాం. బొట్టు బొట్టు చోటే ఉంటుంది, గాలి గాలి దారిన పోతుంది. ఆ పని చేయించినందుకు వెంకటనర్సయ్య సారును పైవాళ్లు మెచ్చుకున్నారు. నేను ఆ మీటింగులోంచి లేచి బయటికి వచ్చాను.

పిల్లలూ, ఇంజను విషయంలో మీరు తప్పు చెప్తారు. నేనూ చెప్పాను, అందరూ చెప్తారు. ఒక సామాను అనవసరంగా మారుస్తారు, మళ్లీ విప్పుతారు, పోయేదేమీ లేదు. మనిషి విషయంలో తప్పు అంటే మాత్రం ఎక్కడ అన్నారో అక్కడే, ఎవరి ముందు అన్నారో వాళ్ల ముందే కాదని చెప్పండి. అలా చెప్పలేని వాళ్లు పానా పట్టుకోవద్దు, సారు కుర్చీలో అసలే కూర్చోవద్దు.

రిటైరయ్యే ముందు ఒకసారి మందమర్రిలో బస్సు కోసం చూస్తుంటే ఓదెలు కనిపించాడు. వెంట్రుకలు నెరిశాయి, గోళ్ల సందుల్లో బొగ్గు. హోటల్లో చాయ్ చెప్పాడు. పిల్లల సంగతి అడగలేదు, షెడ్డు సంగతి అడగలేదు.

"అన్నా, సారు అన్నడా?"

"సారు పోయిండు ఓదెలూ. రెండేండ్లాయె."

"ఎరికే. పోయేముంగట ఎన్నడన్న అన్నడా అని."

"అనలే తమ్మీ."

చాయ్ చివరిదాకా తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

"పోనీ తియ్ అన్నా" అన్నాడు.

అతను పోనిచ్చాడేమో. నేను పోనివ్వను.